తప్పిపోయిన స్లామెత్

పొద్దున లేవగానే సకిమాన్ చేసే మొదటి పని గువ్వ పంజరాన్ని తాడుతో లాగి వెదురు స్తంభం చివరికి ఎక్కించడం. రెండోది వాకిలి ఊడవడం. ఆ తర్వాత చేతులు కడుక్కుని, ముందుగదిలో కంప్యూటరు మీద కప్పిన బాతిక్ గుడ్డ తీసి, మడతపెట్టి కుర్చీ వీపున వేయడం. రైల్వేలో సిగ్నలు గదిలో పనిచేసి రిటైరైన మనిషి. ఏ వస్తువైనా దాని చోట అది లేకపోతే ఆయనకు అన్నం సయించదు. చదివిన ఈమెయిలును కూడా అట్టే పెట్టుకునేవాడు కాదు. తిన్న కంచం కడిగి బోర్లించినట్టు, చదవగానే చెరిపేసి, ఆ చెరిపినవి పడే బుట్టను కూడా ఖాళీ చేసిగాని లేచేవాడు కాదు.

ఆ కంప్యూటరులో ఆయన దాచుకున్నది ఒక్కటే, ఈమెయిలు ప్రోగ్రాంలోని అడ్రస్ బుక్. జావా దీవిలోని పెకలోంగన్ ఊళ్ళోనూ చుట్టుపక్కల పల్లెల్లోనూ రక్తం ఇవ్వడానికి ఒప్పుకున్నవాళ్ళ పేర్లూ, ఫోన్లూ, ఊళ్ళూ, రక్తం గ్రూపులూ అందులో ఉన్నాయి. ఎవరూ అడక్కుండానే నెత్తిన వేసుకున్న పని. కూతురిది దొరకని రక్తం, ఓ నెగెటివ్. భార్య తుమినీది కూడా అదే, ఆవిడ పోయి చాలా కాలమైంది. కాలేజీలో చేరేటప్పుడు కూతురికి పరీక్ష చేసి ఆ సంగతి చెప్పిన రోజు నుంచి సకిమాన్ అలాంటి రక్తం ఉన్నవాళ్ళను వెతకడం మొదలుపెట్టాడు. మామూలు రక్తం వాళ్ళు వందల్లో దొరికారు, వాళ్ళనూ రాసుకున్నాడు. నెగెటివ్ వాళ్ళు మాత్రం జిల్లా మొత్తానికి ముగ్గురు తేలారు.

ఇక ఆ కూతురి పేరు సంగతి చెప్పాలి. పెకలోంగన్‌లో పేర్లకు బరువుంటుంది. బిడ్డకు పేరు పెట్టే రోజున మంత్రసాని తక్కెడ తెచ్చి, పేరు పెట్టకముందు ఒకసారి, పెట్టాక ఒకసారి తూస్తుంది. ముల్లు కొంచెం దిగితే పరవాలేదు, పేరన్నాక ఆ మాత్రం ఉంటుంది. మరీ దిగితే అది ఆ బిడ్డ మోసే పేరు కాదు. అప్పుడు ఎర్రజావ, తెల్లజావ కాచి, ఆ పేరు దించి, తేలికైనది ఇంకోటి పెడతారు. దించిన పేరును నేలమీద వదిలెయ్యకూడదు. ఎవరో ఒకరు ఎత్తుకోవాలి, లేకపోతే మళ్ళీ వచ్చి ఆ బిడ్డ మీదే కూర్చుంటుంది. పసిపిల్లల పేర్లు కాబట్టి మామూలుగా తండ్రులే మారుమాట్లాడకుండా ఎత్తేసుకుంటారు.

అన్ని పేర్లలోకీ తేలికైనది స్లామెత్. క్షేమం అని అర్థం. జ్వరాలతో, మూర్ఛలతో చావుదాకా వెళ్ళి తిరిగొచ్చిన మగపిల్లలందరికీ అదే పేరు. అందుకే ఊళ్ళో ఎక్కడ చూసినా స్లామెత్‌లు. తూర్పుగాలి వీచే నెలల్లో వాళ్ళు జేబుల నిండా గులకరాళ్ళు పోసుకుని సైకిలు తొక్కుతారు.

సకిమాన్‌కు తేలిక పేర్లంటే ఒళ్ళుమంట. దానికి కారణం లేకపోలేదు. ఇంటిపేర్లు లేని జనం, మనిషికి ఉండేది ఒక్కటే పేరు. సిగ్నలు గదిలో ఇంకో సకిమాన్ ఉండేవాడు, ఈయనకంటే ముందు చేరినవాడు. దాంతో హాజరుపట్టీలో ఈయన "సకిమాన్ రెండు" అయ్యాడు. పైవాళ్ళు ఆ సకిమాన్ కూడా ఎందుకని తీసేసి, "రెండూ! ఒరే రెండూ!" అని కేకేసేవాళ్ళు. పెళ్ళయి పిల్లలు పుట్టే వయసొచ్చినా రెండే. తన బిడ్డకు అంకె తగిలించే దమ్ము ఎవడికీ ఉండకూడదని ఆయన అప్పుడే ఒట్టు పెట్టుకున్నాడు. కూతురు పుట్టగానే, రాజుల ఇళ్ళలో తప్ప వినబడని పేరు పెట్టాడు. రత్నానింగ్రుమ్ కుసుమబువానా. రత్నమూ కుసుమమూ సరే, బువానా అంటే భువనమే. ఆ పేరు నోట్లోంచి రాగానే ఉయ్యాల తాడు తెగింది.

తక్కెడ ముల్లు చూసి మంత్రసాని రుకినా అవ్వ నోరు నొక్కుకుంది. "ఏం నాయనా, పిల్లకు పేరు పెట్టావా, ఇంటి దూలం పెట్టావా? మార్చు."

"మార్చను."

"పేరు గొప్ప, ఊరు దిబ్బ అని నవ్వుతారయ్యా. చెరకు ఫ్యాక్టరీ కూలీ మనవరాలికి భువనం దేనికి?"

"అందుకే" అన్నాడు సకిమాన్.

పిల్ల బతికింది. తల్లి చాటుగా నింగ్ అని పిలిచేది, ఇరుగుపొరుగు వాళ్ళూ అదే పట్టుకున్నారు. నింగ్ అంటే పిల్ల గంతులేసేది. తండ్రి మాత్రం ఏనాడూ కురచ చేసి పిలవలేదు. అన్నానికి పిలిచినా మందు తాగమని పిలిచినా మొత్తం పేరే. ఆయన పిలిచినప్పుడల్లా ఆ పిల్ల భుజాలు కొంచెం కిందికి దిగేవి, పలకడం కొంచెం ఆలస్యమయ్యేది. పొగరనుకునేవాడు. రాణీగారి పేరు కదా, ఆ మాత్రం ఉంటుందిలే అని లోలోపల మురిసేవాడు.

ఇప్పుడు ఆ నింగ్ నిండు గర్భిణి. మొగుడి పేరు వర్సితో, అతను లారీ తోలుకుంటూ సురబాయా వెళ్ళాడు. కాన్పు ఇంకా నెల ఉందన్న ధీమాతో వెళ్ళాడు.

అలాంటి రోజుల్లో ఒక పొద్దున కంప్యూటరు సకిమాన్‌ను ఒక ప్రశ్న అడిగింది. మీ అడ్రస్ బుక్‌లో కొందరు ఒకటికంటే ఎక్కువసార్లు ఉన్నారు, కలిపేయమంటారా అని. ఎవరెవరో చూపించమని అడిగితే చూపించేదే, అందుకో బొత్తాం కూడా ఉంది. ఆయన అడగలేదు. వయసు మీదపడి ఎవరినో రెండుసార్లు రాసి ఉంటాననుకున్నాడు, తన పనిలో ఆ మాత్రం చిందరవందర ఉన్నందుకే సిగ్గుపడ్డాడు. "అవును" నొక్కాడు. నొక్కి, గుడ్డ కప్పి, హాయిగా పనసపొట్టు కూర మెగోనో కలుపుకుని అన్నం తిన్నాడు.

రెండు రోజులకు నింగ్‌కు నొప్పులు మొదలయ్యాయి. నొప్పులతోపాటే రక్తం పోవడమూ మొదలైంది.

ఆసుపత్రిలో చేర్చుకునేటప్పుడు మణికట్టుకు మొత్తం పేరు రాసి కట్టారు. కట్టగానే మంచం నడుం వంగింది. ఇంకో మంచం మీదికి మార్చారు, అదీ వంగింది. డాక్టరు విద్యాస్తుతి వచ్చి చూసింది. ఆవిడదీ ఓ మోస్తరు బరువున్న పేరే, మెట్లెక్కితే ఆయాసం. సకిమాన్‌ను వసారాలోకి పిలిచి ఉన్నమాట చెప్పింది.

"బిడ్డ కిందికి దిగడంలేదు, కోత పెట్టాలి. పెట్టాలంటే రక్తం చేతిలో ఉండాలి. మా దగ్గర లేదు. సెమరాంగ్ నుంచి పంపమని చెప్పాం. మీరు నెగెటివ్ వాళ్ళ పేర్లు రాసుకుంటారటగా, ఎవరినైనా పిలిపించండి. మధ్యాహ్నం లోపల."

"ముగ్గురున్నారమ్మా" అన్నాడు సకిమాన్. ఆ మాట అంటున్నప్పుడు ఆయన గొంతులో ధైర్యమే ఉంది. ఇంతకాలం వెతికి పెట్టింది ఈ రోజు కోసమే కదా.

రిక్షా ఎక్కి ఇంటికొచ్చి కంప్యూటరు తెరిచాడు. మొదటి మనిషి ఓ టీచరమ్మ. ఆవిడ బదిలీ మీద బాటమ్ దీవికి వెళ్ళిపోయిందని ఫోనెత్తిన ఆవిడ చెల్లెలు చెప్పింది. రెండో మనిషి డెంగీ జ్వరంతో పడుకుని ఉన్నాడు, ఆయనకే ఎవరైనా రక్తం ఇవ్వాలి. మూడో మనిషి పేరు స్లామెత్. అతన్ని సకిమాన్ ఎప్పుడూ చూడలేదు. ఓడ పనికి వెళ్ళబోతే రక్తం పరీక్షలో తేలిందనీ, అవసరం పడితే ఏ వేళైనా పిలవండనీ ఒక ఈమెయిలు రాశాడు. సకిమాన్ వివరాలన్నీ ఎక్కించుకుని, అలవాటు ప్రకారం ఆ ఉత్తరాన్ని చెరిపేశాడు.

స్లామెత్ అని కొట్టాడు. ఒక్క స్లామెత్ వచ్చాడు. ఆయన లెక్క ప్రకారం పదిమంది ఉండాలి.

ఆ ఒక్కడి వివరాలు చూస్తే కళ్ళు తిరిగాయి. ఫోను నంబరు వెల్డింగు స్లామెత్‌ది. ఊరు బాతుల స్లామెత్‌ది. ఈమెయిలు ఇంకెవరిదో. శుక్రవారం పిలవకూడదని రాసి పెట్టింది తాపీమేస్త్రీ స్లామెత్ గురించి. రక్తం గ్రూపు గడిలో బి పాజిటివ్. నెగెటివ్ అన్న మాట ఎక్కడా లేదు.

వీధి చివర కుట్టుమిషన్లూ రేడియోలూ కంప్యూటర్లూ బాగుచేసే తోహిర్‌ను చెయ్యి పట్టి లాక్కొచ్చాడు.

"ముందు ఒకటి చెప్పండి సకిమాన్ గారూ. పేర్లు పోయాయా, కనబడ్డం లేదా?"

"రెంటికీ తేడా ఏమిటయ్యా?"

"చాలా ఉంది. కనబడకపోతే వెతకొచ్చు."

తోహిర్ కళ్ళజోడు పెట్టుకుని కూర్చున్నాడు. కొందరినే చూపించే జల్లెడ ఏదైనా బిగిసిందేమోనని చూశాడు. లేదు. ఈ పేర్లున్న సంచీని అడ్రస్ బుక్‌లో చూపించు అన్న గడిలో టిక్కు ఉందా అని చూశాడు. ఉంది. ఇంటిపేరు వరసలో పేర్చాడు. "ఇది దొరలు చేసిన సరుకండీ, ఇంటిపేరు లేనివాళ్ళను పట్టుకెళ్ళి అడుగున పడేస్తుంది" అంటూ అట్టడుగుదాకా దిగాడు. అక్కడ సగం పెకలోంగన్ కనబడింది. పైజాన్‌లూ, తుగిరాలూ, సువార్నీలూ అందరూ క్షేమంగా ఉన్నారు. క్షేమం అన్న పేరున్నవాళ్ళే, ఆ ఒక్కడు తప్ప, లేరు.

"మొన్నీమధ్య ఇదేమైనా అడిగిందా మిమ్మల్ని? కలిపేయమంటారా అనో, సర్దమంటారా అనో?"

సకిమాన్ గోడకేసి చూశాడు. "అవునని నొక్కాను."

"అయ్యయ్యో! అదేనండీ." తోహిర్ తల పట్టుకున్నాడు. "పదిమందికీ పేరొకటే, ఇంటిపేరు గడి ఖాళీ. ఒకే మనిషిని పదిసార్లు రాశారనుకుంది. నకలేమైనా తీసి పెట్టారా?"

డబ్బాలోంచి ఒక డిస్కు తీసిచ్చాడు సకిమాన్. బూజు పట్టిపోయి, దాన్ని తీసుకోవడానికే కంప్యూటరు నిరాకరించింది.

"చెరిపిన ఉత్తరాల బుట్ట చూద్దాం. ఆయన రాసిన ఈమెయిలు అందులో పడి ఉంటుంది." తోహిర్ బుట్ట తెరిచాడు. "ఇంత శుభ్రంగా ఉందేమిటండీ?"

"రోజూ ఖాళీ చేస్తానయ్యా."

"శుభ్రం కూడా ఒక రోగమే సకిమాన్ గారూ" అన్నాడు తోహిర్. అన్నాక ముసలాయన మొహం చూసి, ఎందుకన్నానా అని బాధపడ్డాడు.

చివరికి ప్రోగ్రాంలోనే ఉన్న సహాయం పేజీ తెరిచారు. పేర్లు కనబడకపోతే ఏం చేయాలో అందులో రాసి ఉంది. తోహిర్ అప్పటికే చేసినవన్నీ అవే వరసలో ఉన్నాయి. అడుగున, ఈ సమాచారం మీకు ఉపయోగపడిందా అని ఉంది. సకిమాన్ "లేదు" నొక్కాడు. మీ అభిప్రాయం తెలిపినందుకు ధన్యవాదాలు అంది కంప్యూటరు. ఆయనకు దాన్ని ఎత్తి వాకిట్లో పడేయాలనిపించింది. అది కూడా చేతకాలేదు, ఉన్న ఒక్క స్లామెత్ కూడా పోతాడేమోనని భయం.

ఆ ఒక్కడి నంబరుకే ఫోను చేశాడు. వెల్డింగు మిషను రొదలోంచి గొంతు వినబడింది.

"ఏ స్లామెత్ కావాలండీ?"

"నెగెటివ్ స్లామెత్, బాబూ."

"ఆ పేరెప్పుడూ వినలేదే! బాతుల స్లామెత్ ఉన్నాడు, మేకల స్లామెత్ ఉన్నాడు, మసీదు దగ్గర టీ కాచే స్లామెత్..."

సకిమాన్ ఏడుపు ఆపుకుంటూ సంగతంతా చెప్పాడు. అవతల మిషను ఆగింది. "మీరు ఆసుపత్రికి పదండి. మాకు మేం కబురు పెట్టుకుంటాం" అన్నాడు వెల్డింగు స్లామెత్.

సకిమాన్ తోహిర్‌ను వెంటబెట్టుకుని తిరిగొచ్చేసరికి ఆసుపత్రి వసారాలో తొమ్మిదిమంది స్లామెత్‌లు బెంచీల మీద కూర్చుని ఉన్నారు. ఆ రోజు గాలి జోరుగా ఉంది. లేచి నుంచుంటే అందరి జేబుల్లోనూ రాళ్ళు గలగలమన్నాయి. ఒక్కొక్కరి వేలూ పొడిచి చూశారు. అందరిదీ పాజిటివే. వరసలో ఆఖరున టీ స్లామెత్, వేలు నోట్లో పెట్టుకుని చీకుతూ, "మాదంతా మామూలు రక్తమేనండీ, క్షమించండి" అన్నాడు. తప్పు వాళ్ళదైనట్టు అందరూ తలలు వంచుకున్నారు.

పదోవాడి జాడ మేకల స్లామెత్‌కు కాస్త తెలుసు. విరదెసా వైపు ఓడ పనికి వెళ్ళిన స్లామెత్ ఒకడున్నాడని విని సైకిలేసుకుని వెళ్ళాడు. చెమటలు కక్కుతూ తిరిగొచ్చాడు.

"ఇల్లు తాళం పెట్టుందండీ. పెళ్ళి చేసుకుని వెళ్ళిపోయాట్ట. పిల్లనిచ్చేవాళ్ళు, ఇంత తేలికపేరు వాడికి మా పిల్లను ఎలా ఇస్తాం, గాలొస్తే ఎగిరిపోతాడు అన్నార్ట. అందుకని బరువైన పేరేదో పెట్టుకున్నాట్ట."

"ఏం పేరు?" అన్నాడు సకిమాన్.

"అదే ఎవరికీ తెలీదు. అత్తారిది ఏ ఊరో కూడా తెలీదు."

సకిమాన్ గోడకు ఆనుకుని నేలమీద కూర్చుండిపోయాడు. ఆ మనిషి బతికే ఉన్నాడు. ఎక్కడో భోంచేస్తూనో, పెళ్ళాంతో నవ్వుతూనో ఉన్నాడు. పిలిస్తే వస్తాడు. కాని పిలవడానికి నోట్లో పేరు లేదు.

ఇంతలో డాక్టరు విద్యాస్తుతి బయటికొచ్చింది. సెమరాంగ్ నుంచి రక్తం తెస్తున్న బండి దారిలో ఆగిపోయిందట, సముద్రం పోటెత్తి రోడ్డు మీదికి మోకాలిలోతు నీళ్ళొచ్చాయి. పిల్లను అటు తీసుకెళ్ళే దారీ అదే.

"ఇంక నా చేతిలో ఏం లేదు" అంది ఆవిడ. "రక్తం లేకుండా కోత పెడితే పిల్ల దక్కదు. పెట్టకపోయినా ఈ బరువు కింద ఎంతోసేపు ఆగదు. పేరు దించండి సకిమాన్ గారూ. బరువు తగ్గితే రక్తం పోయేదీ తగ్గుతుంది, బిడ్డా దిగుతుంది."

ఆ మాట ఎవరో ఒకరు అంటారని ఆయనకు పొద్దుటినుంచీ తెలుసు. తెలిసే కంప్యూటరు ముందు అంతసేపు కూర్చున్నాడు. రక్తం దొరికితే పేరు జోలికి పోనక్కర్లేదు కదా అని లోపల ఎక్కడో చిన్న ఆశ ఉండింది. ఆ ఆశను తలుచుకుంటే ఇప్పుడు ఆయనకు తనమీద తనకే అసహ్యం వేసింది.

రుకినా అవ్వను రిక్షాలో తీసుకొచ్చారు. తొంభైకి దగ్గరపడింది, కళ్ళు సరిగా ఆనవు, నోరు మాత్రం తగ్గలేదు. క్యాంటీను ఆవిడ బెల్లం వేసి ఎర్రజావ, వెయ్యక తెల్లజావ కాచి తెచ్చింది.

"అప్పుడు మార్చమంటే మార్చావు కాదు. ఇప్పుడు ఆ పేరు కూడా పిల్లతోపాటే పెరిగి కూర్చుంది" అంది అవ్వ. "ఎవరు మోస్తారు దీన్ని?"

"నేనే" అన్నాడు సకిమాన్.

"ఆ మోకాళ్ళతోనా?"

"నేను పెట్టిందే కదా అవ్వా."

అవ్వ లోపలికెళ్ళి నింగ్ నుదుటిమీద చెయ్యేసి పేరు దించుకుని, బయటికొచ్చి, సకిమాన్ నోట్లో ఎర్రజావ ఒక చెంచా, తెల్లజావ ఒక చెంచా పోసి, చెవిలో ఆ పేరు మొత్తం చెప్పింది. ఆయన నిలబడ్డవాడు నిలబడ్డట్టే మోకాళ్ళమీద కూలాడు. కింద నాపరాయి పగిలింది. ఊపిరి లోపలికి పోదు, బయటికి రాదు. మెడ ఎత్తుదామంటే ఎత్తలేడు. స్లామెత్‌లు పరుగెత్తుకొచ్చి చంకలకింద చేతులేసి లేపబోయారు, అంగుళం కదల్లేదు.

"వదులు! తండ్రీ కూతురూ ఇద్దరూ పోతారు, వదులు!" అని అవ్వ ఆయన వీపు మీద చరిచింది. పేరు జారిపోయింది. మరుక్షణం లోపల మంచం కిర్రుమంది, నింగ్ కేక వినబడింది.

సకిమాన్ నేలమీద బోర్లా పడి ఏడ్చాడు. ఇన్నేళ్ళూ ఆ పేరు కూతురి నెత్తిన పెట్టిన కిరీటమనుకున్నాడు. తను ఎప్పుడూ ఎత్తి చూడలేదు. "ఇదా అమ్మా నువ్వు మోసింది? బడికెళ్ళినప్పుడూ ఆడుకున్నప్పుడూ ఇదా?" అని నాపరాయితో చెప్పుకున్నాడు. నేను పిలిచిన ప్రతిసారీ ఇంత బరువు ఎత్తుకుని పలికిందే నా తల్లి అనుకుంటే గుండె ఆగినంత పనైంది. ఆయనకు చేయగలిగింది ఇంకేమీ లేదు.

వెల్డింగు స్లామెత్ గొంతు సవరించుకున్నాడు. "అవ్వా, పేరును విరగ్గొట్టొచ్చా?"

"విరిచి?"

"పంచుకుంటాం. మేం తొమ్మండుగురం ఉన్నాం. అసలే తేలిక మనుషులం, ఈ గాలికి కాస్త బరువు పడితే మాకే మంచిది."

"ఒకడి పేరు ఇంకొకడు ముక్కలు చేసుకుని మోయడం నేనెరగను" అంది అవ్వ. కాసేపు ఆలోచించి, "ఎవరూ చేయలేదు కాబట్టి కూడదని ఎవరూ అనలేదు. రండి, వరసలో నిలబడండి" అంది.

అవ్వ లోపలికెళ్ళి ఒక్కో ముక్కే దించుకొచ్చి, ఒక్కొక్కరి నోట్లో జావ పోసి చెవిలో చెప్పింది. మొదటి ముక్క "రత్" వెల్డింగు స్లామెత్ తీసుకున్నాడు. "అబ్బో, బానే ఉందిరోయ్" అంటూ కాళ్ళు ఎడం చేసి నిలబడ్డాడు. రెండు "నా"లు ఉన్నాయి, వాటికోసం బావాబామ్మర్దులైన ఇద్దరు స్లామెత్‌లు తగువు పడ్డారు, రెండూ ఒకే బరువని అవ్వ చీవాట్లేసింది. "రుమ్" టీ స్లామెత్‌కు పోయింది. తాపీ స్లామెత్ "కు" తీసుకుని, "మా ఆవిడ నవ్వుతుందేమో" అని గొణిగాడు. "నవ్వనీరా, ఇన్నాళ్ళూ ఏడిచింది చాలు" అన్నాడు వెనకవాడు, "సు" తీసుకుంటూ. బాతుల స్లామెత్ "మ" తీసుకున్నాడు. మేకల స్లామెత్ "బు" తీసుకోగానే అతని చెప్పులు నేలకు గట్టిగా ఆనాయి, జేబులో రాళ్ళు తీసి కిటికీ గూట్లో పెట్టేశాడు. ఆఖరున నిలబడ్డ కుర్రగొంతు స్లామెత్ "వా" మింగి, మంచినీళ్ళు అడిగాడు. ఒక్కో ముక్క పోతున్నకొద్దీ లోపల మంచం నడుం ఒక్కో వేలు పైకి లేచింది.

గిన్నెల్లో ఒక్కరికి సరిపడా జావ మిగిలింది. ముక్కా ఒకటి మిగిలింది. తీసుకోవడానికి స్లామెత్ లేడు.

"నేను తీసుకోనా?" అంటూ తోహిర్ ముందుకొచ్చాడు.

అవ్వ అతన్ని చేత్తో ఆపింది. "ఏది మిగిలిందో చూశావా? నింగ్. తల్లి పిలుచుకున్న ముక్క ఇది. ఆ పదోవాడు దొరికుంటే ఇదీ పోయేది. దీన్ని దానికే వదిలెయ్యండి."

మిగిలిన జావ ఆవిడే తీసుకెళ్ళి నింగ్ పెదవులకు రాసింది. తలుపు మూశారు. స్లామెత్‌లు కొత్త బరువుకు అలవాటుపడటానికి ఇటు నాలుగడుగులు, అటు నాలుగడుగులు వేస్తూ తిరిగారు. సకిమాన్ నేలమీదనుంచి లేవలేదు. దేవుణ్ణి ఏమని అడగాలో కూడా తోచలేదు, ఎందుకంటే అడగాలంటే కూతురి పేరు చెప్పాలి, ఆయన నోటికి తెలిసిన పేరు ఇప్పుడు లేదు.

బిడ్డ ఏడుపు వినబడింది.

కోత లేకుండానే అయింది. రక్తం కట్టింది. డాక్టరు విద్యాస్తుతి బయటికొచ్చి బెంచీ మీద చతికిలబడి, ఎవరైనా ఒక గ్లాసు టీ ఇప్పించండి అంది. టీ స్లామెత్ పరిగెత్తబోయి, తన పేరులో ఇప్పుడు "రుమ్" ఉందని గుర్తొచ్చి నెమ్మదిగా నడిచాడు. సాయంత్రం వాళ్ళంతా ఎదురుగాలికి తొణక్కుండా సైకిళ్ళు తొక్కుకుంటూ ఇళ్ళకు వెళ్ళారు. పదో స్లామెత్ ఎక్కడున్నాడో, ఏ పేరు మోస్తున్నాడో ఎవరికీ తెలియలేదు, ఆ తర్వాత కూడా తెలియలేదు.

సకిమాన్‌ను లోపలికి పంపారు. మంచం తిన్నగా ఉంది. మణికట్టు మీది పాత పట్టీ తీసేశారు, కొత్తది ఇంకా కట్టలేదు. కూతురు గోడవైపు తిరిగి పడుకుంది, పక్కన గుడ్డల్లో బిడ్డ. కూతురు నిద్రపోతోందో మెలకువగా ఉందో తెలియలేదు. ఆయన గుమ్మంలోనే ఆగి, ఎప్పటిలా పిలవబోయి, నోరు తెరిచాడు. మొదటి ముక్క వెల్డింగు షాపుకు వెళ్ళిపోయింది. మిగతావి తలా ఒక దిక్కుకు పోయాయి. వెతుక్కుంటే నాలుక మీద ఒక్కటే ఉంది. ఆ పేరుతో తన కూతుర్ని ఆయన ఎన్నడూ పిలిచి ఎరగడు. పరాయివాళ్ళ ఇంటి తలుపు తట్టినంత బెరుగ్గా పిలిచాడు.

"నింగ్."

మాట ఇంకా నోట్లోనే ఉంది, "ఆఁ నాన్నా" అంది ఆమె.

తన జీవితంలో ఆ పిల్ల అంత వెంటనే పలకడం ఆయన వినలేదు. మంచం కోడు పట్టుకున్నాడు.

"ఏం నాన్నా? ఎందుకు పిలిచావు?"

ఊరికే మళ్ళీ పిలిచాడు. మళ్ళీ పలికింది.